ముందు ఒక పాయింట్ పెట్టండి!

మీ ఫోన్ ఓసారి తీసి చూడండి. ఇంగ్లిష్ నేర్పే యాప్ ఒకటి. ధ్యానానికి ఒకటి. ఖర్చులు రాసుకోవడానికి ఇంకొకటి. సగంలో ఆగిపోయిన ఆన్‌లైన్ కోర్సులు రెండో మూడో. టేబుల్ మీద ఓ ఖరీదైన డైరీ, అందులో నిండినవి మొదటి నాలుగు పేజీలు.

సామాను బాగానే సమకూర్చుకున్నారు. మరి మార్పు ఏదీ?

వస్తుంది. కచ్చితంగా వస్తుంది. మారాలన్న కోరిక లేనివాళ్లు ఇవన్నీ కొనరు! కోరిక మీ దగ్గరుంది. తెలుసుకోవాల్సింది ఒక్కటే: పరికరం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చెయ్యదు. అది చెప్పడానికి మహానుభావుల జీవితచరిత్రలు తిరగెయ్యను. ఓ వీడియో గేమ్ చూపిస్తాను.

పేరు డయాబ్లో 2. కాలిఫోర్నియాలోని బ్లిజార్డ్ నార్త్ స్టూడియో తయారుచేసింది. 2000 జూన్‌లో వచ్చింది. మరుసటి ఏడాది లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ అనే అదనపు భాగం వచ్చింది. 2021లో బొమ్మలన్నీ కొత్తగా గీసి, రిసరెక్టెడ్ పేరుతో మళ్లీ విడుదల చేశారు. పాతికేళ్లు దాటినా ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు.

రాక్షసుల్ని చంపాలి. వాళ్ల నుంచి రాలిన వస్తువుల్ని ఏరుకోవాలి. ఆ వస్తువులతో మన స్కిల్స్‌ను పెంచుకోవాలి. మళ్లీ వెళ్లి ఇంకా పెద్ద రాక్షసుల్ని చంపాలి. ఆటంతా ఇంతే. పిల్లల ఆట అనుకుని పేజీ తిప్పేయకండి. స్కిల్‌కీ పరికరానికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఇంత నిక్కచ్చిగా లెక్కగట్టిన చోటు నాకు ఇంకోటి కనబడలేదు.

మీ 110 పాయింట్లు

ఈ ఆటలో మీరు సోర్సరెస్ అనుకోండి. అంటే మంత్రగత్తె. మీ ముందు 30 స్కిల్స్ ఉంటాయి. నిప్పువి పది, చలివి పది, మెరుపువి పది. ఒక్కో లెవెల్ ఎక్కినప్పుడల్లా ఒక పాయింట్ చేతికొస్తుంది. దాన్ని మీకు కావాల్సిన స్కిల్‌లో పెట్టుకోవచ్చు.

చివరి లెవెల్ 99. అంటే లెవెల్స్ ద్వారా వచ్చేవి 98 పాయింట్లు. కొన్ని ప్రత్యేకమైన పనులు పూర్తిచేస్తే మరో 12. మొత్తం 110. ఒక స్కిల్‌లో ఎక్కువలో ఎక్కువ 20 పెట్టొచ్చు. ముప్పై స్కిల్సూ నింపాలంటే 600 కావాలి.

మీ దగ్గరున్నవి 110. ఐదు స్కిల్స్ నిండుతాయి, చిల్లర పది మిగులుతాయి. అంతే. అన్నీ నింపుకున్న సోర్సరెస్ ఈ ఆటలో ఒక్కరూ లేరు. తయారుచేసినవాళ్లు కావాలనే అలా కట్టారు. ఎంచుకోక తప్పదు.

మీరు చెమటోడ్చి సంపాదించి, స్వయంగా పెట్టిన ఈ పాయింట్లను ఆటగాళ్లు హార్డ్ పాయింట్లు అంటారు. ఉంగరాలూ కిరీటాలూ కవచాలూ తెచ్చిపెట్టే వాటిని సాఫ్ట్ పాయింట్లు అంటారు. ఈ రెండింటి తేడా పట్టుకుంటే మీ టేబుల్ మీది డైరీకీ, ఫోన్‌లో యాప్‌కీ ప్రాణం వస్తుంది.

సున్నా మీద ఏదీ ఎక్కదు

స్టోన్ ఆఫ్ జోర్డన్ అని ఓ ఉంగరం ఉంది. అన్ని స్కిల్స్‌కీ ప్లస్ 1 ఇస్తుంది. ఇలాంటి వస్తువులు ఒళ్లంతా తొడుక్కున్నారు. మొత్తం ప్లస్ 10 అయింది అనుకుందాం. మీరు టెలిపోర్ట్, అంటే ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలే స్కిల్‌లో ఒకే ఒక్క పాయింట్ పెట్టి ఉంటే, అది ఇప్పుడు 11. అసలు పెట్టకపోతే?

పది అనుకుంటున్నారా? కాదు. సున్నా.

అన్ని స్కిల్స్‌కీ ప్లస్ అంటే మీకు వచ్చిన స్కిల్స్ అన్నిటికీ అని అర్థం. ఫలానా స్కిల్ అని పేరు పెట్టి మరీ ఇచ్చే వస్తువులు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వేరు. మిగతా చోట్ల మొదటి పాయింట్ మీరే పెట్టాలి. ఆ ఒక్కటీ పెడితే చాలు, మిగతాది వస్తువులు చూసుకుంటాయి. ఇలాంటి స్కిల్స్‌కి ఆటగాళ్లు ముద్దుగా వన్ పాయింట్ వండర్ అని పేరు పెట్టుకున్నారు.

ఇంగువ పప్పులో పడితేనే ఘుమఘుమ, ఖాళీ గిన్నెలో వేస్తే వట్టి ఘాటు.

ఇప్పుడు మీ సంగతి చూద్దాం. ఏఐ టూల్‌తో ఆఫీసు మెయిల్స్ రాయిస్తున్నారా? మంచిదే. కానీ మీ చేత్తో ఒక్క మంచి మెయిల్ రాసినవారైతే ఆ టూల్ ఇచ్చినదాంట్లో ఏది బాగుందో, ఏది అతిగా ఉందో ఇట్టే పట్టేస్తారు. రాయని వారైతే ఏది వస్తే అది పంపేస్తారు. టూల్ ఒకటే. ఒకరికి 11, ఇంకొకరికి సున్నా.

ఒక పాయింట్ అంటే ఏమిటి? కోర్సులో చేరడం కాదు. పది వీడియోలు చూడటం కాదు. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో ఒక్కసారి పూర్తిచేయడం. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు.

వేదిక భయమా? నలుగురు సహోద్యోగుల ముందు ఐదు నిమిషాలు మాట్లాడండి. ఒక పాయింట్.

డబ్బు నిలవడం లేదా? ఒక్క నెల ఖర్చంతా కాగితం మీద రాయండి. టీ డబ్బులతో సహా. ఒక పాయింట్.

కోడింగ్ నేర్చుకోవాలా? ఇంట్లో పాలవాడి లెక్క చూపించే చిన్న ప్రోగ్రామ్ రాయండి. నవ్వకండి. అది నడిచిందంటే ఒక పాయింట్.

ఆ తర్వాత కోర్సు కొనండి. అప్పుడు చూడండి దాని పవర్!

చిన్న మంచుముక్క విలువ

2003లో 1.10 ప్యాచ్ వచ్చింది. ప్యాచ్ అంటే ఆటకు చేసే మరమ్మతు. దాంతో సినర్జీ అనే పద్ధతి ప్రవేశపెట్టారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

సోర్సరెస్ మొదటి లెవెల్‌లోనే నేర్చుకునే స్కిల్ ఒకటుంది, ఐస్ బోల్ట్. చిన్న మంచుముక్క విసరడం. ఆట ముదిరాక దాన్ని ఎవరూ విసరరు. 24వ లెవెల్‌లో బ్లిజార్డ్ అనే మంచు తుఫాను చేతికొస్తుంది. అసలు ఆయుధం అదే. అలాంటప్పుడు ఐస్ బోల్ట్‌లో పాయింట్లు పెట్టడం వృథా కదా?

కాదు. ఐస్ బోల్ట్‌లో పెట్టిన ఒక్కో పాయింటూ బ్లిజార్డ్ దెబ్బను 5 శాతం పెంచుతుంది. ఇరవై పెడితే నూరు శాతం. ఐస్ బ్లాస్ట్, గ్లేసియల్ స్పైక్ అనే మరో రెండు పాత స్కిల్స్‌దీ ఇదే లెక్క. ఎప్పుడో మొదట్లో నేర్చుకుని, ఇప్పుడు వాడని విద్యలు తుఫానులోకి బలాన్ని తోస్తున్నాయి!

ఇక్కడ చిన్న మెలిక ఉంది. సినర్జీకి హార్డ్ పాయింట్లే లెక్క. ఉంగరం తెచ్చిన ప్లస్‌ల వల్ల బ్లిజార్డ్ లెవెల్ పెరుగుతుంది, సందేహం లేదు. కానీ అవే ప్లస్‌లు ఐస్ బోల్ట్ లెవెల్‌ను ఎంత పెంచినా అక్కడి నుంచి బ్లిజార్డ్‌కు ఒక్క శాతం కూడా చేరదు. అరువు తెచ్చుకున్న బలం పక్కదానికి పాకదు.

కాబట్టి బేసిక్స్‌ని చిన్నచూపు చూడకండి. చక్కగా టైప్ చేయడం, నోటిలెక్కలు, ఎదుటివాళ్లు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినడం. ప్రమోషన్ ఇంటర్వ్యూలో వీటి గురించి ఎవరూ అడగరు. కానీ మీరు టీమ్ లీడ్ అయిన రోజున మీ మాటకు వచ్చే బరువులో ఇవన్నీ ఉంటాయి. వీటికి షార్ట్‌కట్ యాప్ లేదు. రోజూ పావుగంట. అదే మార్గం.

వరస తప్పితే పలకదు

రూన్స్ అంటే అక్షరాలు చెక్కిన చిన్న రాళ్లు. మొత్తం 33. ఎల్‌తో మొదలై జోడ్‌తో ముగుస్తాయి. కత్తికో డాలుకో ఉన్న రంధ్రాల్లో వీటిని సరైన వరసలో బిగిస్తే రూన్‌వర్డ్ తయారవుతుంది. మామూలు ఇనుపముక్క మహాయుధం అయిపోతుంది.

స్పిరిట్ అనే రూన్‌వర్డ్ చూడండి. టాల్, థుల్, ఓర్ట్, ఆమ్న్. నాలుగు రూన్స్. కచ్చితంగా నాలుగు రంధ్రాలున్న కత్తి గానీ డాలు గానీ కావాలి. అన్ని స్కిల్స్‌కీ ప్లస్ 2 ఇస్తుంది, మంత్రం వేసే వేగం పెరుగుతుంది. పైస్థాయి ఆటగాళ్లు కూడా దీన్ని వదలరు. మరి ఆ నాలుగూ ఎంత అరుదైనవి? 33లో మొదటి 11 లోపలివే! బ్లాక్ మార్ష్ అనే బురదనేలలో ఓ పాడుబడ్డ బురుజు ఉంది. దాని అడుగున కౌంటెస్ అనే రాక్షసి ఉంటుంది. ఆమెను ఓడించినప్పుడల్లా రూన్స్ రాలుతుంటాయి. ఓపిగ్గా మళ్లీ మళ్లీ ఆ బురుజు దిగినవాళ్లకు ఇవి దొరుకుతాయి. అదృష్టం కాదండీ, అలవాటు.

అయితే షరతులున్నాయి. వరస మారకూడదు. టాల్‌కు ముందు థుల్ పెట్టారా, ఇక స్పిరిట్ రాదు. నాలుగు రూన్స్ నాలుగు రాళ్లుగా వాటి చిన్నచిన్న గుణాలు ఇస్తూ ఉండిపోతాయి. బయటికి తీయడానికి ఒక ఉపాయం ఉంది గానీ, కత్తి మాత్రమే దక్కుతుంది, రూన్స్ పోతాయి. ఐదు రంధ్రాల కత్తి పనికిరాదు. ఇంకో సంగతి, నీలిరంగు పేరుతో మెరిసే మాయావస్తువులూ పనికిరావు. బూడిదరంగు పేరుతో, ఏ ప్రత్యేకతా లేకుండా, బోసిగా ఉన్నదే కావాలి.

మీ రోజుకూ ఇదే వర్తిస్తుంది. ఉదయం లేవగానే ఫోన్, ఆ తర్వాత చదువు అన్నది ఒక వరస. చదువు, ఆ తర్వాత ఫోన్ అన్నది ఇంకో వరస. ముక్కలు అవే. మొదటిదాంట్లో చదువు ఉండదు! మీలో కొందరు ఐదింటికి లేవడం, వ్యాయామం, చదువు, రాయడం అన్నీ చేస్తూనే ఉన్నారు, ఫలితం కనబడటం లేదని దిగులుపడుతున్నారు. ఇంకో కొత్త అలవాటు చేర్చకండి. ఉన్నవాటి వరస మార్చి రెండు వారాలు చూడండి.

ఖాళీ కూడా చూసుకోండి. ఇప్పటికే కిక్కిరిసిన రోజులో కొత్త అలవాటుకు రంధ్రం ఎక్కడుంది? కొత్తదాన్ని ఇరికించే ముందు ఓ అరగంటను బోసిగా ఉంచండి.

ఎనిగ్మా అని ఇంకో రూన్‌వర్డ్ ఉంది. జా, ఇత్, బెర్. కవచంలో బిగిస్తే ఏ పాత్రకైనా టెలిపోర్ట్ వచ్చేస్తుంది. జా 31వది, బెర్ 30వది, మహా అరుదు. మధ్యలో ఇత్ మాత్రం 6వది. నేలమీద పడి ఉన్నా చాలామంది వంగి తీసుకోరు. కానీ అది లేకపోతే జా, బెర్ రెండూ చేతిలో ఉన్నా ఎనిగ్మా లేదు. మీ పెద్ద ప్లాన్‌లో ఇత్ ఏమిటో వెతకండి. పాస్‌పోర్ట్ రెన్యువల్ కావచ్చు. సర్టిఫికెట్‌లో సరిచేయించని ఇంటిపేరు కావచ్చు. కెనడా వెళ్లాలని కష్టపడి మంచి స్కోర్ తెచ్చుకుని, చివర్లో ఇలాంటి కాగితం దగ్గర ఆగిపోయేవాళ్లు ఎందరో!

సంచిలో 40 గళ్లు

లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ తెచ్చిన ఇంకో వింత చార్మ్‌లు. తాయెత్తుల్లాంటివి. ఒంటి మీద తొడుక్కోనక్కర్లేదు, సంచిలో ఉంటే చాలు, పనిచేస్తాయి. పెద్దదాన్ని గ్రాండ్ చార్మ్ అంటారు. కొన్ని గ్రాండ్ చార్మ్‌లు ఒక వర్గం స్కిల్స్ మొత్తానికి ప్లస్ 1 ఇస్తాయి. చలి మంత్రాల సోర్సరెస్‌కి అలాంటివి తొమ్మిది దొరికాయంటే ప్లస్ 9. పండగే!

కానీ సంచి చిన్నది. అడ్డంగా పది, నిలువుగా నాలుగు, మొత్తం 40 గళ్లు. ఒక్కో గ్రాండ్ చార్మ్ మూడు గళ్లు తింటుంది. తొమ్మిది పెడితే 27 పోయాయి. ఇక దారిలో మంచి కవచం దొరికినా సంచిలో వేసుకోవడానికి చోటుండదు. పెట్టెలో దాస్తే పనిచేయవు. మోస్తేనే ఫలం.

ఈ నియమం రాసినవాడెవడో గానీ మనిషిని బాగా చదివాడు. ప్రతి అలవాటుకీ అద్దె ఉంటుంది. జిమ్‌కి గంట అంటే, వెళ్లిరావడం, స్నానం కలిపి రెండు గంటలు. ప్రతి వాట్సాప్ గ్రూపూ ఒక గడి. ప్రతి 'సరే, నేను చూస్తాలే' ఒక గడి. మీ సంచి నిండిపోయింది. అందుకే మంచి అవకాశం ఎదురైనా ఇప్పుడు కుదరదండీ అంటున్నారు. మీరు బద్ధకస్తులు కాదు. మీ సంచిలో చోటు లేదు!

ఆటగాళ్లు ఏం చేస్తారో తెలుసా? నిర్మొహమాటంగా పారేస్తారు. మొదట్లో ఉపయోగపడ్డ చిన్న చార్మ్‌ను కృతజ్ఞతతో మోస్తూ కూర్చోరు. దీనికన్నా మంచిది దొరికిందా, పాతది కింద పడేయడమే. మీరూ అంతే. మూడేళ్ల కిందట పనికొచ్చిన అలవాటు ఈరోజు మీకేం ఇస్తోంది? సమాధానం కోసం ఆలోచించాల్సి వచ్చిందంటే, దాన్ని వదిలేయండి.

పనిలో పనిగా ఓ ముచ్చట. ఇందాకటి స్టోన్ ఆఫ్ జోర్డన్ ఉంగరం ఒకప్పుడు ఆటగాళ్ల మధ్య డబ్బులా చెలామణీ అయింది. వేలికి పెట్టుకోవడం మాని కట్టలు కట్టలుగా లెక్కపెట్టుకున్నారు. దొంగ నకళ్లు పుట్టాయి. ఇప్పుడు ప్రొఫైల్స్‌లో వరసగా పేర్చిన సర్టిఫికెట్లను చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

63 తర్వాత 105

మంత్రం ఎంత వేగంగా వేస్తారన్నది ఫాస్టర్ కాస్ట్ రేట్ అనే అంకె మీద ఆధారపడుతుంది. సోర్సరెస్‌కి అది 63 చేరితే ఒక మంత్రానికి 9 ఫ్రేములు, అంటే తెర మీద బొమ్మ తొమ్మిది సార్లు మారేంత సమయం పడుతుంది. తర్వాతి మెట్టు 105. అక్కడ 8 ఫ్రేములు. మెరుపు మంత్రాలు కొన్నిటికి పట్టిక వేరు. మరి 64 నుంచి 104 దాకా? ఏమీ మారదు. 104 ఉన్నవాడూ 63 ఉన్నవాడూ సమానం!

కటాఫ్ దగ్గర ఆగిన గ్రూప్స్ అభ్యర్థులకు ఇది వివరించనక్కర్లేదు. నాలుగు పనుల్లో తలా కొంచెం పెంచుకుంటూ పోతే నాలుగూ మెట్ల మధ్యలోనే ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకోండి. దాని తర్వాతి మెట్టు ఎక్కడుందో కనుక్కోండి. అది దాటే వరకు మిగతావాటిని ఉన్నచోటే ఉండనివ్వండి. మధ్యలో మార్పు కనబడకపోతే కంగారు పడకండి. మీరు 90లో ఉన్నారేమో!

పక్కవాడికి తొడగండి

చాలామంది వదిలేసే పాఠం ఇది. ఆటలో మీరు జీతానికి ఒక తోడు యోధుడిని పెట్టుకోవచ్చు. రెండో అంకంలో దొరికే ఈటెవాడికి ఇన్‌సైట్ అనే రూన్‌వర్డ్ ఉన్న ఆయుధం ఇచ్చారనుకోండి. రాల్, టిర్, టాల్, సోల్. అందులోంచి మెడిటేషన్ అనే వలయం పుడుతుంది. దాంతో మీ మంత్రశక్తి ఎప్పటికప్పుడు నిండుతూ ఉంటుంది. ఆయుధం అతని చేతిలో, నిండేది మీ కుండ.

మీ దగ్గర కొత్తగా చేరిన జూనియర్‌కి పని నేర్పడానికి టైమ్ లేదంటున్నారా? ఇంట్లో మీ శ్రీమతికో శ్రీవారికో బ్యాంకు పనులు, ఆన్‌లైన్ బిల్లులు అలవాటు చేయకుండా అన్నీ నేనే చూసుకుంటానంటున్నారా? రెండు శనివారాలు కూర్చుని నేర్పండి. తర్వాత ఏడాదంతా మీకు శక్తి మిగులుతుంది.

ఈ వారం ఏం చేయాలి?

ఒక కాగితం తీసుకోండి. ఫోన్‌లో వద్దు.

1. ఈ ఏడాది మెరుగవడం కోసం కొన్నవన్నీ రాయండి. యాప్, పుస్తకం, కోర్సు, కుర్చీ, ఏదైనా.

2. ప్రతిదాని పక్కనా మీ హార్డ్ పాయింట్ రాయండి. ఆ విషయంలో మీ చేత్తో పూర్తిచేసిన పని ఏది? ఏమీ లేకపోతే సున్నా వేయండి. సిగ్గు పడకండి, సున్నా అంటే ఇంకా మొదలుపెట్టలేదని, అంతే.

3. సున్నాల్లో ఒక్కటి ఎంచుకోండి. మిగతావాటిని ఫోన్ నుంచి తీసేయండి, అలమారలో పెట్టేయండి. సంచి తేలికపడాలి.

4. ఎంచుకున్నదాంట్లో ఆదివారం లోపు పూర్తయ్యే అతిచిన్న పని ఏది? తేదీ, టైమ్ వేసి రాయండి. దానికి ముందు ఏం చేస్తారో, తర్వాత ఏం చేస్తారో కూడా రాయండి. వరస గుర్తుందిగా.

తప్పుదాన్ని ఎంచుకుంటే ఎలా అని అనుమానం వస్తోందా? మొదట్లో ఈ ఆటలో ఒకసారి పెట్టిన పాయింట్‌ను వెనక్కి తీసుకునే వీలు లేదు. పొరపాటున పెట్టారా, పాత్రను వదిలేసి మళ్లీ మొదటి లెవెల్ నుంచి రావాల్సిందే. 2010లో 1.13 ప్యాచ్ వచ్చాక మొదటి ఊళ్లోని అకారా అనే ఆమె దగ్గరికి వెళ్తే పాయింట్లన్నీ తిరిగి చేతికిస్తుంది. ఆటలోని మూడు కష్టస్థాయుల్లోనూ ఒక్కోసారి. అది కూడా డెన్ ఆఫ్ ఈవిల్ అనే గుహను ఖాళీ చేసినవాళ్లకే. అందుకే చాలామంది సోర్సరెస్‌లు మొదట నిప్పు మంత్రాలతో సులువుగా లెవెల్స్ ఎక్కేసి, బ్లిజార్డ్ అందే వేళకు అకారా దగ్గరికి వెళ్లి మొత్తం చలివైపు మార్చేసుకుంటారు. నిప్పులో పెట్టిన పాయింట్లే వాళ్లను అంతదాకా మోసుకొచ్చాయి.

కాబట్టి మూడో నంబర్ దగ్గర పది నిమిషాలకు మించి ఆగకండి. పెన్ను తీయండి.